ఎరుకలేని తిండి – ఎరుకగల నిర్ణయం: తిరుపతి, చిత్తూరు ప్రాంత ఆహారపు అలవాట్ల పరిశీలన

వ్యాససంగ్రహం:
బరువు తగ్గాలనుకునేవారు సాధారణంగా ‘ఏం తినాలి, ఏం మానాలి’ అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. అధికబరువుకు దారితీసే తిండిలో చాలాభాగం ఆలోచించి తిన్నది కాదు, అలవాటుగా తిన్నది. తిరుపతి, చిత్తూరు ప్రాంతపు వంట, వడ్డన, వ్రత సంప్రదాయాల ఆధారంగా ఈ ఎరుకలేని తిండి స్వరూపాన్ని, దాన్ని మార్చుకునే నిర్ణయం నిలబడే విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆహారపు అలవాటు, ఎరుక, సంగటి, వడ్డన, ఒక్కపొద్దు, స్థౌల్యం.

1. ఉపోద్ఘాతం:
మనిషి చేత తినిపించేవి నాలుగు: ఆకలి, రుచి, వేళ, మర్యాద. వీటిలో ఆకలి ఒక్కటే శరీరం అడిగేది. మిగిలిన మూడూ పరిసరాలు అడిగేవి. పరిసరాలు అడిగినప్పుడు తిన్న తిండి మనకు గుర్తుండదు. ‘నేను తినేది కొంచెమే, అయినా బరువు పెరుగుతున్నాను’ అనే మాటలో అబద్ధం ఉండనక్కరలేదు. కూర్చుని తిన్న భోజనాన్నే మనం తిండిగా లెక్కిస్తాం. నిలబడి, నడుస్తూ, వండుతూ, టీవీ చూస్తూ నోట్లో వేసుకున్నది లెక్కకు రాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో మూడింట ఒక వంతుకు పైగా అధికబరువు లేదా స్థూలకాయంతో ఉన్నారు. దేశ సగటు 24 శాతం. అదే సర్వేలో రాష్ట్ర స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్లు తేలింది. ఈ రెండింటినీ కలిపి చదవాలి. తిండి ఎక్కువ కావడం, పోషణ తక్కువ కావడం ఒకే రాష్ట్రంలో పక్కపక్కనే ఉన్నాయి. కాబట్టి కడుపు మాడ్చుకోవడం ఇక్కడ పరిష్కారం కాదు.

2. అలవాటు – ఆధునిక, ప్రాచీన దృక్పథాలు:
అలవాటును శాస్త్రీయంగా చర్చించిన తొలి ఆధునికులలో విలియం జేమ్స్ ఒకరు. 1890లో వెలువడిన తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ఆయన దానికి ఒక అధ్యాయాన్నే కేటాయించారు. అలవాటు ఎంత బలమైనదో 2011లో డేవిడ్ నీల్, వెండీ వుడ్, వారి సహచరులు ప్రచురించిన ప్రయోగం చూపింది. సినిమాహాలులో కొందరికి తాజా పాప్‌కార్న్, కొందరికి వారం రోజుల నాటి పాప్‌కార్న్ ఇచ్చారు. సినిమాకు వెళితే పాప్‌కార్న్ తినడం బాగా అలవాటైనవారు, పాతది రుచిగా లేదని తెలిసినా, తాజాదానితో సమానంగానే తిన్నారు. అదే పాప్‌కార్న్‌ను సమావేశపు గదిలో ఇచ్చినప్పుడు అలా జరగలేదు. వాటంలేని చేతితో తినమన్నప్పుడు సినిమాహాలులో కూడా అలవాటు పట్టు సడలింది. వారిచేత తినిపించినది ఆకలీ కాదు, రుచీ కాదు. చోటు, చేతి వాటం.

ఈ రంగంలో వచ్చిన ప్రతి మాటనూ నమ్మనక్కరలేదు. ఆలోచన లేకుండా తినడం గురించి 2006లో ప్రసిద్ధ గ్రంథం రాసిన బ్రయన్ వాన్సింక్ పరిశోధనలలో అక్రమాలు జరిగినట్లు 2018లో కార్నెల్ విశ్వవిద్యాలయం నిర్ధారించింది. ఆయన వ్యాసాలు అనేకం ఉపసంహరణకు గురయ్యాయి. పళ్లెం చిన్నదైతే చాలు, బరువు దానంతటదే తగ్గుతుందనే తరహా సలహాలను ఈ కారణంగా జాగ్రత్తతో స్వీకరించాలి.

తిండిలో ఎరుక అవసరమన్న భావన మనకు కొత్తది కాదు. చరకసంహిత విమానస్థానం ఆహారవిధికి సంబంధించి ఎనిమిది అంశాలను పేర్కొంది. పదార్థ స్వభావం, సంస్కారం, కలయిక, పరిమాణం, దేశం, కాలం, తినే నియమాలతోపాటు ఎనిమిదవదిగా తినే వ్యక్తిని కూడా లెక్కించింది. మాటల్లో, నవ్వుల్లో పడకుండా తిండిమీదే మనసుపెట్టి తినాలని చెప్పింది. అదే గ్రంథం సూత్రస్థానంలో స్థౌల్యానికి అతిభోజనం, వ్యాయామలోపం, పగటినిద్ర వంటి వాటితోపాటు బీజస్వభావాన్ని, అంటే వంశపారంపర్యాన్ని కూడా కారణంగా చూపింది. లావుగా ఉన్నవారందరినీ తిండిపోతులని నిందించడం ప్రాచీన వైద్యదృష్టికి కూడా సమ్మతం కాదన్నమాట.

3. లెక్క ఉన్న తిండి – లెక్క లేని తిండి:
చిత్తూరు ప్రాంతపు పాత తిండి రాగిసంగటి. నూకలు ఉడికించి, రాగిపిండి వేసి, కట్టెతో కెలికి, వేడిమీదే ముద్దలు చేస్తారు. ఈ ‘ముద్ద’ అనే మాటలో ఒక కొలత ఉంది. తిన్నవాడు ఒక ముద్ద తిన్నాడో రెండు తిన్నాడో తనకూ తెలుసు, పెట్టినవారికీ తెలుసు. మరో ముద్ద కావాలంటే అడగాలి. ఆ అడగడంలోనే ఒక చిన్న నిర్ణయం ఉంది.

వరి అన్నానికి ఈ లెక్క లేదు. అది గరిటెతో వచ్చి పళ్లెంలో కుప్పగా పడుతుంది. పప్పు మిగిలిందని అన్నం, అన్నం మిగిలిందని రసం, చివరికి మజ్జిగకని మళ్లీ అన్నం. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదల ఆకలి తీర్చింది. ఆ మేలు చిన్నది కాదు. కరువులు చూసిన సీమలో వరి అన్నం గౌరవానికి గుర్తు కూడా. అయితే సంగటి నుంచి అన్నానికి మారినప్పుడు ధాన్యంతోపాటు కొలత కూడా మారిపోయింది. దీన్ని మనం గమనించలేదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం తరువాత రాగులు తింటే బరువు తగ్గుతారనే ప్రచారం పెరిగింది. రాగిపిండిలో పీచు, కాల్షియం బియ్యంలో కంటే ఎంతో ఎక్కువ. కానీ వందగ్రాముల లెక్కన శక్తిలో రెండింటికీ పెద్ద తేడా లేదు. సంగటిలోని మేలు కేవలం రాగులది కాదు, ముద్దది కూడా. లెక్కలేకుండా తాగే రాగిజావ, బెల్లం దట్టించిన రాగి లడ్డు బరువు తగ్గించవు.

చిరుతిండికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇడ్లీకి లెక్కుంది, బొరుగులకు, మిక్చరుకు, వేయించిన చెనిగ్గింజలకు లెక్కలేదు. చెనిగ్గింజలు మంచి ఆహారమే అయినా వందగ్రాములలో సుమారు 560 కిలోకేలరీలు ఉంటాయి. టీలో చక్కెర మరొక ఉదాహరణ. ఒక చెంచా సుమారు 20 కిలోకేలరీలు. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు నాలుగు కప్పులు తాగితే 160 కిలోకేలరీలు ‘టీ’ అన్న పేరుతో దాటిపోతాయి.

4. పెట్టే చెయ్యి – తినే చెయ్యి:
తెలుగు ఇంట్లో ఎంత తినాలో చాలాసార్లు తినేవారు నిర్ణయించరు, వడ్డించేవారు నిర్ణయిస్తారు. కొసరి వడ్డించడం ప్రేమ. వద్దనడం మొదటిసారి మర్యాద, రెండోసారి మొహమాటం, మూడోసారి వడ్డించినవారిని నొప్పించడం. విస్తరిలో మెతుకు వదలకూడదన్న నియమం కరువు నేర్పిన పొదుపు. కొసరు, శుభ్రంగా తినడం అనే ఈ రెండు మంచి నియమాలు కలిసినప్పుడు తినేవాడికి ఆగే చోటు ఉండదు.

వీటి భారం ఎక్కువగా ఇల్లాలిమీద పడుతుంది. అందరికీ పెట్టి చివర తినే స్త్రీకి కూర, పప్పు అడుగంటుతాయి, మిగిలేది అన్నం. పిల్లలు వదిలిన ముద్ద, రాత్రి మిగిలిన ఉప్మా పారేయలేక ఆమే తింటుంది. ఆమె లెక్కలో ఇది తిండి కాదు, పొదుపు. అధికబరువు, రక్తహీనత ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే దేహంలో కలిసి ఉండడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. ఆమె బరువు తగ్గాలంటే ముందు కుటుంబం వడ్డన మారాలి. ఆమె అందరితోపాటు కూర్చోవాలి. మిగిలిన దానికి ఆమె కడుపు కాక మరొక చోటు చూడాలి.

5. నిర్ణయం నిలిచే విధానం:
‘రేపటినుంచి తక్కువ తింటాను’ అన్న సంకల్పానికి చోటు లేదు, వేళ లేదు. అలవాటుకు రెండూ ఉన్నాయి. అందుకే అలవాటు గెలుస్తుంది. ‘ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను’ అని ముందుగానే ముడివేసుకున్న నిర్ణయాలు మేలైనవని పీటర్ గోల్‌విట్జర్ 1999లో ప్రతిపాదించారు.

మన ఒక్కపొద్దు సరిగ్గా ఇలాంటిదే. పెరటాసి శనివారాలలో ఒక్కపొద్దుండే తిరుపతి, చిత్తూరు ప్రాంతవాసి ఆ రోజు ప్రతి గంటకూ తనతో తాను వాదించుకోడు. శనివారం అనే గుర్తే నిర్ణయాన్ని మోస్తుంది. చుట్టుపక్కలవారు కూడా బలవంతపెట్టరు. ‘ఒక్కపొద్దు’ అన్న మాటతో మొహమాటం తీరిపోతుంది. అయితే రాత్రి ఫలహారం పేరుతో వడలు, ఉప్మా రెట్టింపు తింటే వ్రతం నిలుస్తుంది కానీ బరువు తగ్గదు. వ్రతం నుంచి తీసుకోవలసింది పస్తు కాదు, ముందే ముడివేసిన నియమం.

ఆ పద్ధతిలో కొన్ని నియమాలు చేసుకోవచ్చు. అన్నాన్ని గరిటెల లెక్కన మొదటే పెట్టుకోవడం. మారు వడ్డించుకునేముందు ఒక గుక్క నీళ్లు తాగి ఆకలిని తరచి చూసుకోవడం. మిక్చరును పొట్లంలోంచి కాక చిన్న గిన్నెలో పోసుకుని తినడం. టీవీ ముందు తినకపోవడం. కుడిచేతితోనే తినే మన సంప్రదాయంలో చెయ్యి మార్చే ఉపాయం కుదరదు. కూర్చునే చోటు మార్చడం కుదురుతుంది. మొదటి వారం ఏమీ మానకుండా, తిన్న ప్రతిదీ రాసుకోవడం మంచి ఆరంభం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన 17 మార్గదర్శకాలు ధాన్యాల వాటా తగ్గించి పప్పులు, కూరగాయలు పెంచమంటున్నాయి. పళ్లెంలో అన్నం తగ్గిన చోటును ఖాళీగా ఉంచకుండా ఆకుకూరపప్పుతో నింపితే ఆకలీ తీరుతుంది, పోషణా దక్కుతుంది.

ఎన్నాళ్లు? లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిపై చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త పని అలవాటుగా స్థిరపడడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు ఉంది. ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడడం ఆగిపోలేదు. జాతర రోజున, పెళ్లి రోజున నియమం సడలితే మరునాడు తిరిగి పట్టుకోవచ్చు. మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు మాత్రం వైద్యుని సలహా లేకుండా తిండి తగ్గించకూడదు.

6. ముగింపు:
పై పరిశీలనలో తేలిన అంశాలు:
1. ఎరుకలేని తిండి వ్యక్తి బలహీనత మాత్రమే కాదు. చోటు, వేళ, వడ్డన కలిసి ఏర్పరచిన అలవాటు.
2. సంగటి నుంచి అన్నానికి మారడంలో ధాన్యంతోపాటు కొలత కూడా పోయింది. తిరిగి తెచ్చుకోవలసింది ముఖ్యంగా కొలతను.
3. నిర్ణయం తీసుకోవలసిన చోటు నోరు కాదు, గరిటె. పళ్లెంలో పడ్డాక ఆగడం కష్టం. పడకముందు ఆపడం తేలిక.
4. వడ్డించేవారు మారకుండా తినేవారు మారడం కష్టం. కాబట్టి ఇది ఒక్కరి నిర్ణయంగా కాక, ఇంటి నిర్ణయంగా ఉండాలి.

‘చాలు’ అన్న మాటను తినేవాడు మొదటిసారే నిజంగా చెప్పగలగాలి, వడ్డించేవారు దాన్ని మొదటిసారే నమ్మగలగాలి. బరువు తగ్గడానికి మన ఇళ్లలో జరగవలసిన మొదటి మార్పు ఇదే.