క్షేత్ర ద్వారానికి స్వయంచాలక గేటు: నియంత్రణ బోర్డు, రిమోట్ల అమరిక

బ్రీడరు విత్తనం పండిస్తున్న మడిలోకి పశువుల మంద అరగంట చొరబడితే ఆ సీజను శ్రమ వ్యర్థమవుతుంది. ప్రయోగ మడి అయితే పంటతో పాటు ఆ ఏటి దత్తాంశం కూడా పోతుంది. కోళ్ల ఫారంలో గేటు తెరిచి ఉన్నదంటే, చక్రాలు క్రిమిసంహారక ద్రావణపు తొట్టిలో తడవకుండానే ఏదో ఒక వాహనం లోపలికి వచ్చే అవకాశం ఉన్నట్లే. కాపలాదారు ఒక్కడే ఉండి, అతడే మోటారు వేయడానికీ, పాల క్యాన్లు దింపించడానికీ వెళ్లవలసి వచ్చే చోట, దానంతట అదే మూసుకొనే గేటు విలాస వస్తువు కాదు.

అయితే ఇటువంటి గేటు బిగించినవారు బోర్డును తమకు తోచిన విధంగా అమర్చి, నాలుగు రిమోట్లు చేతిలో పెట్టి వెళ్లిపోతారు. ఆంగ్లంలో ఉన్న చిన్న పుస్తకం కొద్ది రోజులకే కనిపించకుండా పోతుంది. ఆ తరువాత ఒక రిమోట్ పోయినా, వానాకాలంలో గేటు సగంలో ఆగిపోయినా, క్షేత్ర నిర్వాహకునికి దిక్కు తోచదు. బోర్డుల తయారీలో తేడాలున్నా వాటి పనితీరు వెనుక ఉన్న సూత్రాలు దాదాపు ఒక్కటే. అవి తెలిసినవారు ఏ బోర్డునైనా అరగంటలో అర్థం చేసుకోగలరు.

బోర్డుకు వచ్చే తీగలు, పోయే తీగలు

పక్కకు జరిగే గేటుకు అడుగున పళ్ల పట్టీ, దానిని తిప్పే పళ్ల చక్రం, చక్రాన్ని నడిపే మోటారు ఉంటాయి. మోటారు 230 వోల్టుల ఏసీ రకానిది కావచ్చు, లేదా బ్యాటరీతో కూడిన 24 వోల్టుల డీసీ రకానిది కావచ్చు. బోర్డుకు మూడు వైపుల నుండి సమాచారం అందుతుంది: తెరువు, మూయి అనే ఆజ్ఞలు రిమోట్ నుండి లేదా గోడ బటన్ నుండి, గేటు చివరకు చేరిందన్న సంకేతం లిమిట్ స్విచ్‌ల నుండి, దారిలో ఎవరో ఉన్నారన్న హెచ్చరిక ఫోటో సెల్ నుండి.

ఈ మూడవదాని విషయంలో ఒక మెలకువ ఉంది. ఫోటో సెల్ కాంటాక్టు మామూలు స్థితిలో మూసి ఉంటుంది. కిరణానికి ఎవరైనా అడ్డు వస్తే తెరుచుకుంటుంది. దీని వలన తీగను ఎలుక కొరికినా, అద్దంపై వరిగడ్డి దుమ్ము పేరుకొన్నా బోర్డు దానిని ప్రమాదంగానే భావించి గేటును మూయదు. వ్యవస్థ చెడినప్పుడు సురక్షిత స్థితిలో నిలిచేలా చేసిన ఏర్పాటు ఇది. కానీ క్షేత్రస్థాయిలో జరిగేది వేరు. గేటు మూసుకోవడం లేదని పిలిపించిన మెకానిక్ ఆ రెండు టెర్మినళ్ల మధ్య చిన్న తీగ ముక్క కలిపి 'బాగైంది' అని చెప్పి వెళతాడు. ఆనాటి నుండి గేటుకు కళ్లు లేనట్లే. బోర్డు పెట్టె తెరిచిన ప్రతిసారీ ముందుగా ఈ తీగ ముక్క ఉన్నదేమో చూడాలి.

మొదట గేటు నడక, తరువాతే రిమోట్

చాలామంది ముందుగా రిమోట్ నమోదుతో మొదలుపెడతారు. ఈ క్రమం సరికాదు. కరెంటు ఆపి, తాళం చెవితో మోటారును విడదీసి, గేటును చేతితో ఈ చివర నుండి ఆ చివరకు నెట్టి చూడాలి. ఒక మనిషి తేలికగా నెట్టగలగాలి. పట్టాలపై మట్టి, అరిగిన చక్రం, వంగిన పట్టీ వంటి లోపాలను ఏ బోర్డూ సరిచేయలేదు. బలం పెంచి కప్పిపుచ్చగలదు, అంతే. రెండు చివరలా నేలలో పాతిన ఇనుప అడ్డులు ఉండి తీరాలి. లిమిట్ స్విచ్ విఫలమైన రోజున కొన్ని వందల కిలోల గేటు పట్టాలు దాటి మనిషి మీద పడకుండా ఆపేవి అవే.

ఆ తరువాత గేటును సరిగ్గా మధ్యకు తెచ్చి, మోటారును తిరిగి కలిపి, కరెంటు ఇచ్చి, ఒక్కసారి ఆజ్ఞ ఇవ్వాలి. కరెంటు వచ్చిన తరువాత అందే మొదటి ఆజ్ఞను చాలా బోర్డులు 'తెరువు' అనే స్వీకరిస్తాయి. గేటు మూసుకొనే వైపుకు కదిలితే మోటారుకు పోయే రెండు తీగలను తారుమారు చేయాలి. ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు: మోటారు తీగలు మార్చినప్పుడు లిమిట్ స్విచ్ తీగలను కూడా మార్చాలి. మార్చకపోతే తెరుచుకొనే గేటు తెరిచే చివరకు చేరినా, బోర్డు దానిని మూసే చివర సంకేతంగా భావించి పట్టించుకోదు. గేటు ఆగకుండా వెళ్లి ఇనుప అడ్డుకు గుద్దుకుంటుంది. గేటును మధ్యలో ఉంచి పరీక్షించమనడానికి కారణం ఇదే. పొరపాటు జరిగితే ఆపడానికి కొంత వ్యవధి దొరుకుతుంది.

దిశ కుదిరాక ప్రయాణ దూరాన్ని బోర్డుకు నేర్పే దశ. నిర్ణీత బటన్‌ను నొక్కి పట్టుకొంటే గేటు ఒకసారి పూర్తిగా మూసుకొని, తెరుచుకొని, తిరిగి మూసుకొంటుంది; ఎక్కడ వేగం తగ్గించాలో బోర్డు జ్ఞాపకం పెట్టుకొంటుంది. ఈ సమయంలో ఎవరూ కిరణాన్ని దాటకూడదు.

బలం, వోల్టేజి

గేటు ఎంత బలంతో నెట్టాలన్నది అమరికలన్నింటిలో ప్రాణాలతో ముడిపడినది. యూరోపు ప్రమాణం ఈఎన్ 12453 ప్రకారం గేటు అంచుకూ గోడకూ మధ్య 50 నుండి 500 మిల్లీమీటర్ల సందు ఉన్నప్పుడు మనిషిపై పడే ఒత్తిడి క్షణమాత్రమైనా 400 న్యూటన్లు దాటకూడదు. అంటే సుమారు 40 కిలోల బరువు మోపినంత.

గ్రామీణ ఫీడర్లపై ఇది పాటించడం ఎంత కష్టమో వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులు సులభంగా గ్రహించగలరు. ఏసీ మోటారు టార్కు వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. బోరు మోటార్లన్నీ నడుస్తున్న వేళ వోల్టేజి 230 నుండి 184కు, అనగా 80 శాతానికి పడిపోతే టార్కు 64 శాతమే మిగులుతుంది. గేటు కదలడం లేదని అప్పుడు బలం పెంచి వదిలేస్తే, రాత్రి వోల్టేజి పూర్తిగా ఉన్నప్పుడు అదే గేటు ఒకటిన్నర రెట్లకు మించిన బలంతో నెడుతుంది. పగలు సాధువు, రాత్రి రాక్షసి. అందుచేత కొత్తగా బిగించేవారు ధర కొంత ఎక్కువైనా బ్యాటరీతో నడిచే 24 వోల్టుల డీసీ మోటారును ఎంచుకోవడం మేలు. దాని బలం ఫీడరు ఒడిదుడుకులతో మారదు. ఏసీ మోటారే ఉన్నచోట తక్కువ, ఎక్కువ వోల్టేజి వేళలు రెండింటిలోనూ పరీక్షించాలి. మూసుకొనే గేటుకు అడ్డంగా చెక్క దిమ్మె నిలిపితే అది తగలగానే ఆగి వెనుకకు మళ్లాలి. చేయి అడ్డుపెట్టి చూడడం పరీక్ష కాదు, సాహసం.

ట్రాక్టరు, ట్రాలీ

ఈ బోర్డులను రూపొందించినవారి దృష్టిలో ఉన్నది పట్టణపు ఇంటి ముందరి కారు. క్షేత్రంలోకి వచ్చేది ట్రాక్టరు, దాని వెనుక ట్రాలీ. ఫోటో సెల్‌ను నేల నుండి అర మీటరు ఎత్తులో ఒక్కటే బిగిస్తే, ట్రాక్టరు చక్రాలు దాటిన తరువాత, ట్రాలీ ఇంకా రాకముందు, మధ్యలోని లంకె కడ్డీ పైగా కిరణం అడ్డులేకుండా దాటిపోవచ్చు. బోర్డు లెక్కలో వాహనం వెళ్లిపోయింది. కిరణం తొలగిన కొన్ని క్షణాలకే మూసుకొనే సదుపాయం అనేక బోర్డులలో ఉంటుంది. కారుకు అది అనుకూలమే, ట్రాక్టరుకు మాత్రం గేటు ట్రాలీ మీదికి వస్తుంది. క్షేత్రాలలో ఈ సదుపాయాన్ని తీసివేసి, గేటు తెరిచి ఉండే వ్యవధిని నిండు ట్రాలీ నెమ్మదిగా దాటడానికి పట్టే సమయాన్ని కొలిచి, దానికి మించి పెట్టాలి. లంకె కడ్డీ ఎత్తులో ఒకటి, ట్రాలీ తొట్టి ఎత్తులో ఒకటి చొప్పున రెండు జతల ఫోటో సెల్‌లు అమర్చి, కాంటాక్టులను వరుసగా కలిపితే ఇంకా మంచిది.

రిమోట్ లోపల ఏమున్నది

రిమోట్లు బయటికి ఒకేలా కనిపించినా లోపల మూడు తరాలవి. మొదటి తరంలో సంకేతాన్ని చిన్న మీటలతో లేదా టంకంతో నిర్ణయిస్తారు. మీటలు 12 ఉంటే సాధ్యమైన సంకేతాలు 4,096. ఇవి ఎంత బలహీనమైనవో 2015లో అమెరికాలో శామీ కమ్కార్ అనే భద్రతా పరిశోధకుడు ఒక ఆటవస్తువును మార్చి చూపాడు. కొన్ని రిసీవర్లు తమకు చివరగా అందిన 12 బిట్లను మాత్రమే ఎప్పటికప్పుడు సరిచూస్తాయి కనుక, సంకేతాలను విడివిడిగా పంపనవసరం లేదు. ఒకదాని తోకను మరొకదాని తలగా వాడుకొంటూ పోవచ్చు. విడిగా పంపితే 49,152 బిట్లు కావలసిన చోట 4,107 బిట్లు సరిపోతాయి. ఛందస్సు చదివినవారికి ఈ కిటుకు కొత్తది కాదు. 'యమాతారాజభానసలగం' అనే పది అక్షరాలలో మూడేసి అక్షరాల గణాలు ఎనిమిదీ ఇమిడి ఉండడం ఇదే పద్ధతి. విడిగా రాస్తే ఇరవై నాలుగు అక్షరాలు కావాలి.

రెండవ తరం రిమోట్లలో, ఉదాహరణకు ఈవీ1527 చిప్ ఉన్నవాటిలో, కర్మాగారంలోనే 20 బిట్ల గుర్తింపు సంఖ్య ముద్రితమై ఉంటుంది. సాధ్యమైన సంఖ్యలు 10,48,576. ఊహించడం కష్టమే గాని నకలు చేయడం తేలిక. బటన్ నొక్కిన ప్రతిసారీ అదే సంఖ్య వెలువడుతుంది కాబట్టి, నకలు రిమోట్ దానిని పక్కనుండి విని అచ్చంగా పలుకుతుంది. పని మానివేసిన డ్రైవరు తన రిమోట్‌ను తిరిగి అప్పగించినంత మాత్రాన దాని నకలు మిగలలేదని చెప్పలేము.

మూడవ తరంలో సంకేతం ప్రతి నొక్కుకూ మారుతుంది. దక్షిణాఫ్రికాలో 1980ల దశకంలో రూపొంది, 1995లో మైక్రోచిప్ సంస్థ కొనుగోలు చేసిన కీలాక్ పద్ధతి ఇందులో ప్రసిద్ధం. రిమోట్‌లో ఒక లెక్క నడుస్తుంది. దానిని రహస్య తాళంతో గుప్తీకరించి పంపుతుంది. రిసీవరు తన దగ్గరున్న లెక్కతో పోల్చి, ముందరి సంఖ్యలనే అంగీకరించి, పాతవాటిని తోసిపుచ్చుతుంది. జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో దీనిని కూడా ఛేదించి చూపారు. అయితే దానికి ప్రయోగశాల నైపుణ్యం కావలసి వచ్చింది. క్షేత్రానికి ఈ తరం రిమోట్లే తగినవి. వీటితో ఒక వింత ఎదురవుతుంది: పిల్లలు ఇంటి దగ్గర రిమోట్‌ను పదే పదే నొక్కితే లెక్క ముందుకు పోతుంది. తేడా 16 దాటితే గేటు మొదటి నొక్కుకు కదలదు. వరుసగా రెండవసారి నొక్కితే లెక్కలు కలుస్తాయి. రిమోట్ చెడిపోయిందని పారవేయనక్కరలేదు.

నమోదు, తొలగింపు

నమోదు చాలా సులభం. బోర్డు మీది లెర్న్ బటన్‌ను ఒకసారి నొక్కితే దీపం వెలుగుతుంది. ఆ కొద్ది క్షణాలలో రిమోట్ బటన్ నొక్కితే దీపం మినుకుమని జ్ఞాపకంలో చేరినట్లు తెలుపుతుంది. మనుషులు నడిచేంత సందు మాత్రమే తెరిచే ఆజ్ఞకు రెండవ బటన్‌ను విడిగా నమోదు చేయవచ్చు. పశువులున్న క్షేత్రాలలో ఇది తప్పక చేయదగినది. తొలగింపులోనే చిక్కు. చౌక బోర్డులు ఒక్క రిమోట్‌ను విడిగా తొలగించలేవు. లెర్న్ బటన్‌ను పట్టి ఉంచితే మొత్తం జ్ఞాపకం చెరిగిపోతుంది. కనుక ఏ రిమోట్ ఎవరి వద్ద ఉన్నదో రిజిస్టరులో ఉండాలి. ఎవరైనా బదిలీ అయినా, ఒక రిమోట్ పోయినా, అన్నీ రప్పించి, చెరిపి, ఉన్నవాటిని మళ్లీ నమోదు చేయాలి. స్థిర సంఖ్యల రిమోట్లలో అసలును తొలగిస్తే దాని నకళ్లన్నీ కూడా పనిచేయకుండా పోవడం ఒక్కటే ఊరట.

దూరం నుండి పనిచేయడం లేదన్న ఫిర్యాదుకు బ్యాటరీ తరువాతి కారణం యాంటెన్నా. 433.92 మెగాహెర్ట్జుల తరంగం పొడవు సుమారు 69 సెంటీమీటర్లు. అందులో నాలుగవ వంతు, 17.3 సెంటీమీటర్ల తీగ నిటారుగా ఉండాలి. దానిని చుట్టి ఇనుప పెట్టెలో మూసివేస్తే ఎంత మంచి రిమోట్ అయినా గేటు దగ్గరకు వస్తేనే పలుకుతుంది.

పెట్టెలోకి తీగలు దూరే రంధ్రాలను మూసివేయకపోతే చీమలు, బల్లులు చేరి రిలేల మధ్య చచ్చి షార్టు చేస్తాయి. పిడుగుల కాలంలో సరైన ఎర్తింగ్, సర్జ్ నిరోధకం లేని బోర్డు ఎక్కువ కాలం నిలవదు. బోర్డు కాలినా, కరెంటు పోయి బ్యాటరీ అడుగంటినా గేటును చేతితో తెరవడానికి మోటారును విడదీసే తాళం చెవి ఒకటి ఉంటుంది. అది కార్యాలయపు బీరువాలో ఉంటే, రాత్రివేళ పాము కరిచిన కూలీని ఆసుపత్రికి తీసుకుపోవలసిన జీపు గేటు లోపలే నిలిచిపోతుంది. ఆ చెవి కాపలాదారు గదిలో మేకుకు వేలాడాలి. కొత్తగా చేరిన ప్రతి కాపలాదారు చేత మొదటి రోజునే ఒకసారి గేటును చేతితో తెరిపించాలి.