తుఫాను వచ్చిన రోజు మీ ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది?

ఫోన్ రివ్యూ చేసేటప్పుడు మేం ఒక లిస్టు పెట్టుకుంటాం. కెమెరా, డిస్‌ప్లే, గేమింగ్, ఛార్జింగ్ స్పీడ్, వేడెక్కుతోందా లేదా. ఇన్నేళ్లలో ఆ లిస్టులో నేను ఎప్పుడూ రాయని ఒక గడి ఉంది: కరెంటు పోయి, టవర్లు పడిపోయి, బయట గంటకు నూట ఎనభై కిలోమీటర్ల గాలి వీస్తుంటే ఈ ఫోన్ ఏం చేస్తుంది? రాసి ఉండాల్సింది. ఎందుకంటే ఆ పరిస్థితి మా ఇంట్లోనే వచ్చింది.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నం మీదే తీరం దాటింది. నేను హైదరాబాద్‌లో చదువుకుంటున్నా, అమ్మానాన్నలు గాజువాకలో. పొద్దున పది గంటలకు నాన్నతో మాట్లాడా. "కిటికీలు కొట్టుకుంటున్నాయి, మళ్లీ చేస్తా" అన్నారు. అంతే, రెండు రోజులు ఒక్క కాల్ కూడా కలవలేదు. టీవీలో ఎయిర్‌పోర్ట్ పైకప్పు ఊడిపోయింది చూపిస్తున్నారు గానీ మా వీధి సంగతి ఎవరు చెప్తారు?

మంగళవారం మధ్యాహ్నం ఏదో తెలియని నంబర్ నుంచి ఫోన్. మా పక్కవీధి మేస్త్రీ గారు. తుని వైపు వెళ్తుంటే దారిలో సిగ్నల్ దొరికిందట, వీధిలో వాళ్లందరి కబురు మోసుకొచ్చాడు. చేతిలో ఒక నోట్‌బుక్ కాగితం, దాని మీద ఇరవై దాకా నంబర్లు. ఒక్కొక్కటే డయల్ చేసి "మీవోళ్లు బాగున్నారు" అని చెప్పి పెట్టేస్తున్నాడు. ఆ కాగితంలో నా నంబర్ రాయించడానికి అమ్మ ఎంత కష్టపడిందో తర్వాత తెలిసింది. ఆమె ఫోన్ ఛార్జ్ అయిపోయింది, నా నంబర్ నోటికి రాదు. చివరికి నా పాత కాలేజీ అప్లికేషన్ జిరాక్స్ దొరికితే అందులోంచి చూసి రాసిందట.

అప్పటి నుంచి ఇప్పటికి చాలా మారింది. ఏం మారింది, ఏం మారలేదు అన్నదే ఈ ఆర్టికల్.

ఆ కుయ్యోమన్న మెసేజ్ ఎస్‌ఎమ్‌ఎస్ కాదు

2023లో దేశమంతా ఫోన్లు ఒక్కసారిగా గట్టిగా మోగి, స్క్రీన్ మీద టెస్ట్ మెసేజ్ వచ్చింది గుర్తుందా? చాలామంది ఫోన్ హ్యాక్ అయిందనుకున్నారు. మాకైతే ఆ రోజు ఇన్‌బాక్స్ నిండిపోయింది. అది సెల్ బ్రాడ్‌కాస్ట్. సీ-డాట్ తయారుచేసిన సిస్టమ్‌ని టెలికాం శాఖ పరీక్షించింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇచ్చే హెచ్చరికల కోసం 'సచేత్' అనే ప్లాట్‌ఫామ్, అదే పేరుతో యాప్ కూడా ఉన్నాయి.

ఎస్‌ఎమ్‌ఎస్‌కి దీనికి తేడా అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. ఎస్‌ఎమ్‌ఎస్ అంటే పోస్ట్‌మ్యాన్ ఇంటింటికీ వెళ్లి ఉత్తరం ఇవ్వడం. పది లక్షల మందికి పంపాలంటే పది లక్షల ఉత్తరాలు. నెట్‌వర్క్ రద్దీగా ఉంటే క్యూలో పడుంటాయి, తుఫాను దాటాక కూడా వస్తాయి. సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటే ఊళ్లో దండోరా. టవర్ ఒక్కసారి కేకేస్తుంది, ఆ టవర్ కింద ఉన్న ప్రతి ఫోన్ వింటుంది. మీ నంబర్ దానికి అవసరమే లేదు. అందరూ ఒకేసారి కాల్స్ చేసి నెట్‌వర్క్ జామ్ అయినా ఇది ఆగదు. మెసేజ్‌ని మళ్లీ మళ్లీ పంపుతారు కాబట్టి అప్పుడే బస్సు దిగి ఆ ఏరియాలోకి వచ్చినవాడి ఫోన్ కూడా మోగుతుంది.

తెలుగు వాళ్లకి ఇందులో ఇంకో లాభం ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఎస్‌ఎమ్‌ఎస్‌లో ఇంగ్లీష్ అయితే 160 క్యారెక్టర్లు, తెలుగు లాంటి లిపికి మామూలుగా 70 మాత్రమే. పైగా మనకు ఒత్తు, గుణింతం అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'సముద్రంలోకి వెళ్లవద్దు' అన్న మాట చూడండి. కంటికి తొమ్మిది అక్షరాలు, ఫోన్ లెక్కలో మధ్యలో ఖాళీతో కలిపి 22. అంటే ఇలాంటివి మూడు రాస్తే ఎస్‌ఎమ్‌ఎస్ అయిపోయింది, ఇక ఎక్కడికి వెళ్లాలి, ఎప్పటిలోగా వెళ్లాలి అన్నదానికి చోటేది? సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక్కో పేజీ చిన్నదే అయినా 15 పేజీల వరకు కలపొచ్చు. తెలుగులో సుమారు ఆరు వందల క్యారెక్టర్లు. ఊరి పేరు, షెల్టర్ పేరు, టైమ్ అన్నీ పడతాయి.

ఇక్కడిదాకా బాగుంది. మొన్న ఊరెళ్లినప్పుడు అమ్మ ఫోన్ తీసి చూశా. అలర్ట్స్ అన్నీ ఆఫ్.

"ఊరికే కుయ్యోమంటే భయమేసింది నాన్నా, పక్కింటి చిన్నోడితో ఆపించీసాను" అంది.

తప్పు అమ్మది కాదు. టెస్ట్ మెసేజ్ వచ్చిన రోజు అది ఏంటో ముందే తెలుగులో చెప్పినవాళ్లు లేరు. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు ఒకసారి చూడండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీలో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ అని ఉంటుంది. కొన్ని కంపెనీలు దాన్ని ఎక్కడెక్కడో దాచేస్తాయి, అప్పుడు సెట్టింగ్స్ సెర్చ్‌లో 'అలర్ట్' అని కొట్టండి. ఐఫోన్‌లో అయితే నోటిఫికేషన్స్ పేజీ అట్టడుగున. నేను ఆఫీసులో ఉన్న ఆరు ఫోన్లలో ఈ ఆప్షన్ వెతికా. రెండింటిలో పది సెకన్లలో దొరికింది, ఒకదానిలో దొరకడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఇకపై రివ్యూల్లో ఇదీ రాస్తా.

టవర్ పడిపోయాక

దండోరా వేసేవాడే పడిపోతే? సెల్ బ్రాడ్‌కాస్ట్ తుఫానుకి ముందు పనికొచ్చే వస్తువు. గాలి మొదలయ్యాక కథ వేరు. టవర్ అంటే మనకు ఇనుప నిర్మాణం గుర్తొస్తుంది గానీ, ఎక్కువసార్లు అది కూలకుండానే మూగబోతుంది. ముందు కరెంటు పోతుంది. తర్వాత బ్యాటరీలు కొన్ని గంటలు లాగుతాయి. జనరేటర్ ఉంటే డీజిల్ ఉన్నంతసేపు, రోడ్డు మీద చెట్లు పడితే డీజిల్ బండి రాదు. ఈలోగా గాలికి మైక్రోవేవ్ డిష్ కొద్దిగా పక్కకు తిరిగినా లింక్ తెగుతుంది. ఫైబర్ స్తంభాల మీద వేలాడుతుంటే స్తంభంతోపాటే అదీ పడుతుంది.

ఈ చివరిది మన రాష్ట్రంలో కాస్త ఆలోచించాల్సిన విషయం. ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్‌ని ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. తవ్వకం ఖర్చు లేదు కాబట్టి చవకగా, వేగంగా పల్లెలకు చేరింది, ఆ లాభం నిజమే. కానీ తుఫానుల తీరంలో కరెంటుకీ ఇంటర్నెట్‌కీ ఒకటే స్తంభం అంటే రెండూ ఒకేసారి పోతాయి. మరోవైపు హుద్‌హుద్ తర్వాత విశాఖలో ప్రపంచ బ్యాంకు రుణంతో కరెంటు లైన్లను భూమిలోకి దించే పని పెట్టుకున్నారు. నా ఉద్దేశంలో ఫోన్ల విషయంలో కూడా అసలైన అప్‌గ్రేడ్ అదే. టవర్‌కి కరెంటు ఆగకపోతే సగం సమస్య లేనట్టే.

ఇంకోటి మారింది. పాత రోజుల్లో మీ కంపెనీ టవర్ పోతే, పక్కనే వేరే కంపెనీ టవర్ బతికి ఉన్నా ఉపయోగం లేదు. ఇప్పుడు విపత్తు సమయంలో టెలికాం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్ ఆన్ చేయిస్తోంది. 2023 జూన్‌లో బిపర్‌జాయ్ గుజరాత్‌ని తాకినప్పుడు అలాగే చేశారు. ఏ కంపెనీ సిమ్ అయినా బతికున్న టవర్‌కి ఎక్కొచ్చు. ఫోన్ తనంతట తాను ఎక్కకపోతే మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 'ఆటోమేటిక్' తీసేసి, కనిపించే నెట్‌వర్క్‌లు ఒక్కొక్కటి ట్రై చేయాలి. డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి. 112 కాల్‌కి మాత్రం ఇవేమీ అక్కర్లేదు, అందుబాటులో ఉన్న ఏ నెట్‌వర్క్ మీదైనా ఫోన్ ప్రయత్నిస్తుంది.

బలహీనమైన సిగ్నల్ దొరికినప్పుడు అందరూ చేసే తప్పు కాల్ చేయడం. కాల్‌కి ఆ టవర్‌లో కొంత చోటు మీకోసం నిమిషాలపాటు పట్టి ఉంచాలి. 'బాగున్నాం' అన్న ఎస్‌ఎమ్‌ఎస్ క్షణంలో దూరిపోతుంది. వాట్సాప్‌లో వాయిస్ నోట్ కూడా వద్దు, వీడియో అసలే వద్దు.

పవర్ బ్యాంక్ మీద రాసిన అంకె నమ్మొద్దు

ఇది మన సైట్ అసలు సబ్జెక్ట్ కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తా. 10,000 ఎంఏహెచ్ అని డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ లెక్క లోపలి సెల్ వోల్టేజ్, అంటే 3.7 దగ్గర. యూఎస్‌బీ నుంచి 5 వోల్టులుగా బయటికొచ్చేసరికి ఆరు వేల చుట్టూ మిగులుతుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఉండేది అదే. మా టెస్టుల్లో 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని ఇలాంటి పవర్ బ్యాంక్ ఒకటిన్నర సార్లు నింపింది. నలుగురున్న ఇంటికి అది ఒక్క రోజు సరుకు.

అందుకే ఉన్నదాన్ని పొదుపుగా వాడాలి. సిగ్నల్ లేనప్పుడు ఫోన్ ఊరుకోదు, టవర్ కోసం వెతుకుతూ వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి గంటకోసారి ఐదు నిమిషాలు తీసి చూడండి. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే ఒకటే ఆన్‌లో ఉంచి మిగతావి ఆపేయండి. ఫాస్ట్ ఛార్జింగ్ 120 వాట్లు అని మేం పొగిడే ఫీచర్‌కి కరెంటు లేని ఇంట్లో విలువ సున్నా.

ఇక ఎఫ్‌ఎమ్. చాలా ఫోన్ల చిప్‌లో ఎఫ్‌ఎమ్ రిసీవర్ ఉండి కూడా వాడనివ్వరు. 2023 ఏప్రిల్‌లో ఐటీ శాఖ ఫోన్ కంపెనీలకు దాన్ని డిసేబుల్ చేయొద్దని, విపత్తుల్లో అవసరమని సలహా ఇచ్చింది. సలహా సలహాగానే ఉండిపోయింది. పైగా ఎఫ్‌ఎమ్‌కి వైరున్న ఇయర్‌ఫోన్సే యాంటెన్నా. జాక్ తీసేసిన ఫోన్‌లో ఎఫ్‌ఎమ్ దాదాపు లేనట్టే. మా నాన్న పాత బటన్ ఫోన్‌లో మాత్రం ఆకాశవాణి శుభ్రంగా వస్తోంది, నా యాభై వేల ఫోన్‌లో రాదు. ఆయన ఈ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్తారు.

సముద్రంలో ఉన్నవాడికి

తీరం నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు దాటితే మొబైల్ సిగ్నల్ ఉండదు. వేట పడవలు అంతకంటే చాలా దూరం వెళ్తాయి. 2017లో ఓఖీ వచ్చినప్పుడు కేరళ, కన్యాకుమారి మత్స్యకారులు చాలామంది అప్పటికే నడి సముద్రంలో ఉన్నారు, హెచ్చరిక వాళ్లకు చేరలేదు. ఆ తర్వాత 2019లో వచ్చిందే 'జెమిని' అనే చిన్న పెట్టె. గగన్ ఉపగ్రహాల నుంచి వచ్చే మెసేజ్‌ని పట్టుకుని బ్లూటూత్‌తో మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఇస్తుంది. ఆ సమాచారం తయారయ్యేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో. 2004 సునామీ తర్వాత దేశానికి సునామీ హెచ్చరికల కేంద్రం పెట్టింది కూడా అక్కడే. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రాన్ని చూసుకుంటున్నారన్నమాట.

జెమినిలో పెద్ద లోటు, అది వినగలదు గానీ మాట్లాడలేదు. పడవ మునుగుతోందని అటునుంచి చెప్పలేం. ఇస్రో రెండో తరం డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ ఆ పని చేస్తుంది. ఆపదలో ఉన్నామని పంపితే, అందిందని తిరిగి సమాధానం కూడా వస్తుంది. ఆ సమాధానం ఎంత ధైర్యమో మంగళవారం మధ్యాహ్నం దాకా ఫోన్ పట్టుకు కూర్చున్నవాడిగా నాకు తెలుసు.

మరి ఐఫోన్ శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉంది కదా అంటారా? 2022లో ఐఫోన్ 14తో అమెరికా, కెనడాల్లో మొదలైంది. మన దేశంలో కొన్న ఫోన్‌లో దాని మీద ఆశ పెట్టుకోకండి. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ వాడటం ఇక్కడ నేరం, ట్రెక్కింగ్ వాళ్లు తెచ్చుకునే శాటిలైట్ మెసెంజర్‌తో దొరికి ఇబ్బంది పడ్డ విదేశీయులున్నారు. విదేశాల నుంచి అన్నయ్యతో తెప్పించుకుందాం అనే ఐడియా ఉంటే మానేయండి.

చట్టబద్ధంగా, టవర్ లేకుండా మాట్లాడాలనుకుంటే దారి ఒకటుంది, పాతదే: హ్యామ్ రేడియో. పరీక్ష రాసి లైసెన్స్ తీసుకోవాలి. 2004 డిసెంబర్‌లో భారతి ప్రసాద్ గారి బృందం హ్యామ్ సెట్లతో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది, వెళ్లింది హాబీ కోసం. 26న సునామీ వచ్చింది, ఫోన్లు పోయాయి. దీవుల నుంచి బయటికి కబుర్లు ఆ సెట్ల మీదే నడిచాయి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉన్నది హైదరాబాద్‌లోనే. నేను ఈ ఏడాది పరీక్షకు కడుతున్నా, పాసైతే సెట్ రివ్యూ ఇక్కడే రాస్తా.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లు పది వేలకు పైనే. హుద్‌హుద్‌లో ఆంధ్రాలో ఆ సంఖ్య పదుల్లోకి దిగింది. ముందే తెలియడం, ముందే కదలడం వల్ల వచ్చిన తేడా అది. అమ్మ ఆపించిన ఆ అలర్ట్ అందులో భాగమే కాబట్టి, ఆమె ఫోన్‌లో మళ్లీ ఆన్ చేశా. మోగితే ఏం చేయాలో నాన్నకి కూడా చెప్పా. పవర్ బ్యాంక్ రెండు, రేడియో ఒకటి, రెండు వేలు నగదు (యూపీఐ పనిచేయని రోజున కొట్టువాడు స్కానర్ చూపించడు) ఒక డబ్బాలో పెట్టాం.

నంబర్ల కాగితం మాత్రం అమ్మే రాసింది. ఫ్రిజ్ మీద అంటించింది. మొదటి నంబర్ మేస్త్రీ గారిది, నాది రెండోది.