చ్యవనప్రాశ వ్యాజ్యములు - గృహస్థులు గ్రహించవలసిన విషయములు

చ్యవనప్రాశము చరక సంహితలోని రసాయనాధ్యాయమున చెప్పబడిన ప్రసిద్ధ లేహ్యము. ఇట్టి ఔషధము ఇటీవల ఢిల్లీ హైకోర్టులో సివిల్ వ్యాజ్యములకు విషయమైనది. కంపెనీల తగవుతో మనకేమి పని అని కొందరు తలచవచ్చును. కాని ఆ తగవు మన ఇంటి అలమారలోని డబ్బాను గూర్చినదే.

పతంజలి సంస్థ తన ప్రకటనలో, ఆయుర్వేదము, వేదములు తెలియనివారు అసలైన చ్యవనప్రాశమును ఎట్లు చేయగలరను భావమును చొప్పించినది. నలువది మూలికలతో చేసినది సాధారణమైనదనియు సూచించినది. దీనిపై డాబర్ సంస్థ 2024 డిసెంబరులో కోర్టునాశ్రయించినది. 2025 జులై 3న జస్టిస్ మినీ పుష్కర్ణ ఆ ప్రకటనలను నిలుపుమని మధ్యంతర ఉత్తర్వునిచ్చిరి. అప్పీలుపై ధర్మాసనము సెప్టెంబరులో 'సాధారణ' అను మాటను అనుమతించి, నలువది మూలికల ప్రస్తావనను మాత్రము తొలగించవలెనని తేల్చినది. పిదప వచ్చిన మరియొక ప్రకటన ఇతరుల చ్యవనప్రాశములను 'ధోఖా', అనగా మోసమని పేర్కొన్నది. నవంబరులో జస్టిస్ తేజస్ కారియా దానిని 72 గంటలలో తొలగించుమని ఆదేశించిరి.

ఈ ఉత్తర్వుల మర్మము సులభమైనది. ఏ వర్తకుడైనను తన సరుకును పొగడుకొనవచ్చును. ఇతరుల సరుకంతయు మోసమని చాటరాదు. 1940 నాటి ఔషధ చట్టము ప్రకారము, చట్టపు అనుబంధమున పేర్కొన్న ప్రామాణిక గ్రంథములలోని యోగము ననుసరించి తయారు చేసినదే శాస్త్రీయ ఆయుర్వేద ఔషధము. ఆ నియమమునకు లోబడి లైసెన్సు పొందిన వారందరిని మోసగాండ్రనుట ఎట్లు చెల్లును?

ఇవి మధ్యంతర ఉత్తర్వులే గాని తుది తీర్పులు కావు. అయినను వ్యాపారముపై వీని ప్రభావము తక్కువ కాదు. చ్యవనప్రాశము ముఖ్యముగా శీతకాలమున అమ్ముడగును. ఆ నెలలలో ప్రకటన నిలిచినచో ఒకరికి ఆ ఏటి బేరము తగ్గును. నిలువనిచో రెండవవారికి తగ్గును. తుది తీర్పు వచ్చునాటికి ఋతువులే గడచిపోవచ్చును. ప్రకటనలకు ధనము లేని చిన్న ఫార్మసీల మేలు కూడ ఇందులో ఇమిడియున్నది. అందరిదియు మోసమన్నచో, శ్రద్ధగా మందు కాచు చిన్న తయారీదారునకును ఆ నింద తగులును.

వైద్యునిగా నా చింత వేరొకటి. ఆయుర్వేదమువారే ఒకరినొకరు మోసగాండ్రని పిలుచుకొనుచుండగా, వినువారికి సన్నగిల్లునది శాస్త్రముపై విశ్వాసమే.

మూలికల సంఖ్యను చూచి మోసపోరాదు. చరకోక్త యోగమున ప్రధానమైనవి 500 ఉసిరికాయలు. దశమూలము, తిప్పతీగ, కరక్కాయ, ద్రాక్ష, పిప్పలి మున్నగునవి వానికి తోడగును. నెయ్యి, నువ్వులనూనె, తేనె చేరును. అష్టవర్గములోని కొన్ని మూలికలు దుర్లభములగుటచే శతావరి, అశ్వగంధ వంటి ప్రతినిధి ద్రవ్యములను వాడుదురు. పక్వమైన ఉసిరిక, సరియైన పాకము ఉన్నచో గుణము కలుగును. ఇవి లేనిచో ఎన్ని మూలికలు చేర్చినను ఫలము స్వల్పమే.

కొనునపుడు లేబులుపై ఈ క్రింది వానిని తప్పక చూడుడు:

1. 'ఆయుర్వేద ఔషధము' అను మాట, తయారీ లైసెన్సు సంఖ్య.
2. ద్రవ్యముల పేర్లు, వాని పరిమాణములు.
3. ఏ గ్రంథము ననుసరించి చేసిరో తెలుపు సూచన.
4. బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ, తయారీదారు చిరునామా.

ఇవి సరిగా ఉన్న డబ్బాను, 'ప్రత్యేక' మను ఒక్క మాటకై అధిక మూల్యమిచ్చి మార్చుకొన నక్కరలేదు. ఇందు చక్కెర అధికముగా నుండును గనుక మధుమేహ రోగులు వైద్యుని అడుగక సేవింపరాదు. జీర్ణశక్తి మందగించినవారు, పసిపిల్లల తల్లులు సైతము మోతాదును వైద్యునిచే నిర్ణయింపజేసికొనవలెను. వ్యాపార ప్రకటనలోని హద్దును కోర్టులు నిర్ణయించగలవు. మీ శరీరమునకు ఏది హితమో, ఎంత హితమో తెలుపవలసినది మాత్రము మీ నాడి చూచిన వైద్యుడే.