రుద్దితే పోయేది మురికి ఒక్కటే కాదు

బస్సు దిగి ఇల్లు చేరగానే ఆయన చేసే మొదటి పని జేబు దులపడం. దక్షిణ కోల్‌కతాలోని గరియాహాట్‌కు దగ్గర్లో ఒక పాత మేడ, రెండో అంతస్తు. బల్ల మీద నిన్నటి బెంగాలీ పత్రిక పరిచి, దాని మీద ఆ రోజు చిల్లరంతా పోస్తారు. రూపాయలు ఒక పక్క, రెండు రూపాయలు ఒక పక్క, అయిదులు, పదులు వేరు. తర్వాత భూతద్దం తీస్తారు. నాణెం విలువ చెప్పే అంకె వంక ఆయన చూపే పోదు. ఆయన చూసేదల్లా ముద్రించిన సంవత్సరం, దాని కింద ఆవగింజంత జాగా. ప్రైవేటు కంపెనీలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన ఈ పెద్దమనిషి ముప్పయ్యేళ్లుగా ఇదే పనిలో ఉన్నారు. పేరు రాయొద్దన్నారు. ఇంట్లో నిధి ఉందనుకుని ఎవరైనా వస్తే, చూపించడానికి చిల్లర తప్ప ఏమీ లేదంటూ నవ్వారు.

ఆ ఆవగింజంత జాగాలో ఉండేది టంకశాల గుర్తు. దేశంలో నాణేలు ముద్రించే కేంద్ర ప్రభుత్వ టంకశాలలు నాలుగు: ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా. వజ్రం ఆకారం ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాద్, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. తెలుగువాళ్ల జేబుల్లోకి ఎక్కువగా వచ్చే నక్షత్రం నాణేలు హైదరాబాద్ పాత సైఫాబాద్ టంకశాలవో, 1997లో మొదలైన చర్లపల్లి టంకశాలవో అయి ఉంటాయి. మరి కోల్‌కతా? దానికి గుర్తే లేదు. సంవత్సరం కింద ఖాళీగా ఉంటే అది కోల్‌కతా నాణెం. బ్రిటిష్ కాలంలో కొన్నిటి మీద 'సి' అక్షరం వేసినా, మామూలుగా పాటించే ఆనవాయితీ మాత్రం ఇదే. దేశంలో బ్రిటిష్ వాళ్ల నాణేల చరిత్రలో ఇంత పెద్ద పాత్ర ఉన్న ఊరికి గుర్తు అక్కర్లేదనుకున్నారేమో!

చిక్కంతా ఇక్కడే. ఉన్న గుర్తును చూడటం తేలిక. లేని గుర్తును నమ్మడం కష్టం. ఇరవై ఏళ్లు చేతులు మారిన నోయిడా నాణెం మీద చుక్క అరిగిపోతే అది అచ్చం కోల్‌కతా నాణెంలానే ఉంటుంది. అచ్చులో మడ్డి చేరి చుక్క సరిగా పడకపోయినా అంతే. ఒక్కో ఏడాది ఒక టంకశాల నాణేలు విరివిగానూ, మరోదానివి అరుదుగానూ దొరుకుతాయి కాబట్టి, చుక్కను గీకి పారేసి కోల్‌కతా నాణెమని అంటగట్టే ఘనులూ ఉన్నారు. అందుకే ఇక్కడి సేకర్తలు ముందు చూసేది సంవత్సరం కింది ఖాళీని కాదు, దాని చుట్టూ ఉన్న లోహాన్ని. అక్కడ సన్నటి గీతలు లేకుండా, మిగతా నాణెం రంగే ఉంటే ఆ ఖాళీ నిజమైనది. అంటే కోల్‌కతా నాణేనికి సాక్ష్యం దాని చర్మమే. దాన్ని తోమేశారంటే సాక్షిని మాయం చేసినట్టే.

చిల్లరలో విదేశాలు కూడా తగులుతాయి. 1980లలో, మళ్లీ 1990ల చివర్లో మన టంకశాలలు గిరాకీకి చాలక, ప్రభుత్వం బయటి దేశాల్లో నాణేలు కొట్టించింది. 1985 నాటి రూపాయి మీద సంవత్సరం కింద 'హెచ్' ఉంటే అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ మింట్‌లో తయారైంది. 'ఎం' అక్షరం పైన చిన్న సున్నా ఉంటే మెక్సికో, 'ఎంకె' ఉంటే స్లొవేకియాలోని క్రెమ్నిత్సా, రష్యన్ లిపిలో మూడక్షరాలుంటే మాస్కో. 1980లలో కెనడాలోని ఒట్టావాలో ముద్రించిన పావలా బిళ్లల మీద 'సి' ఉంటుంది. దాన్ని చూసి కలకత్తా అనుకుని మురిసిపోయినవాళ్లు ఈ ఊళ్లోనే బోలెడుమంది. ఇవేవీ లక్షలు తెచ్చిపెట్టవు. వీటిలో చాలావాటికి ముఖ విలువ కన్నా కొంత ఎక్కువ వస్తుంది, అంతే. అయినా బస్సు కండక్టర్ ఇచ్చిన చిల్లరలో మాస్కో అయిదు రూపాయలు కనబడిన రోజు రాత్రి తనకు నిద్ర పట్టలేదని గుమాస్తాగారు ఒప్పుకున్నారు.

పొరపాట్లది మరో వరస. నాణేన్ని పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పితే రెండో వైపు బొమ్మ నిటారుగానే ఉండాలి. మన నాణేల పద్ధతి అది. సింహాలు తలకిందులైనా, పక్కకు ఒరిగినా అచ్చు బిగించడంలో తప్పు జరిగిందన్నమాట. బొమ్మ మధ్యలో కాక ఓ మూలకు జరిగినవి, ఒకే బొమ్మ రెండు వైపులా ఒకటి ఉబ్బుగా, ఒకటి గుంటగా పడినవి కూడా అప్పుడప్పుడూ టంకశాల తనిఖీ తప్పించుకుని బయటపడతాయి.

కోల్‌కతాలో చిల్లర వెతకడమంటే ఒకప్పుడు నాణేల సరదా కాదు, రోజువారీ యుద్ధం. కిరాణా కొట్లో, ఆటోలో, మందుల షాపులో 'ఖుచ్రో నేయ్' (చిల్లర లేదు) అన్న మాట వినని రోజుండేది కాదు. 2007లో ఈ కరువు పతాక శీర్షికలకెక్కింది. స్టెయిన్‌లెస్ స్టీల్ రూపాయి బిళ్లలు సరిహద్దు దాటి బంగ్లాదేశ్ వెళ్లి గడ్డం గీసుకునే బ్లేడ్లుగా మారుతున్నాయని, ఒక్కో బిళ్ల నుంచి అయిదారు బ్లేడ్లు వస్తున్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. నాణెంలోని లోహం ఖరీదు దాని మీద అచ్చేసిన అంకెను మించితే ఏ రాజ్యమూ దాన్ని జేబుల్లో నిలపలేదు. నాణేలను కరిగించడాన్ని, ధ్వంసం చేయడాన్ని నిషేధిస్తూ 2011లో కొత్త నాణేల చట్టం వచ్చింది. అదే ఏడాది జూన్ 30తో పావలా, అంతకన్నా చిన్న బిళ్లల చెలామణీ ముగిసింది. 2016 నోట్ల రద్దు తర్వాత కథ అడ్డం తిరిగింది. బెంగాల్‌లో చిల్లర కుప్పలు పడింది. చిన్న రూపాయి బిళ్లను దుకాణదారులు ముట్టుకోమన్నారు. పది రూపాయల బిళ్లకు తెలుగు రాష్ట్రాల్లోనూ అదే గతి పట్టింది. 14 రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ ప్రకటించాల్సి వచ్చింది. కరువులో మాయమైన మందపాటి పాత అయిదు రూపాయల బిళ్లలు మాత్రం తిరిగి రాలేదు. ఒకప్పుడు గుప్పెళ్లకొద్దీ దొరికిన వాటిని ఇప్పుడు ఏరుకోవాలి.

ఇంత వెతుకులాట తర్వాత నాణెం చేతికొస్తే చాలామంది చేసే పని ఒక్కటే, శుభ్రం చేయడం. మనిళ్లలో ఇత్తడి చెంబు మెరవాలంటే చింతపండు, ఉప్పు. బెంగాలీ ఇళ్లలో పూజ సామాన్లకూ చింతపండే. ధాన్యం, గవ్వలతో పాటు వెండి రూపాయలు ఉంచే 'లక్ష్మీ ఝాంపి' అనే చిన్న బుట్ట ఇక్కడ చాలా కుటుంబాల్లో ఉంటుంది. వరలక్ష్మీ వ్రతంలో మనం రూపాయికి పసుపు కుంకుమ పెట్టినట్టే వీళ్లు సిందూరం పూస్తారు. గుమాస్తాగారి నాయనమ్మ బుట్టలో విక్టోరియా రాణి రూపాయలు, రాగి కాణీలు ఉండేవి. ఒక ఏడాది పండక్కి ముందు మేనత్త వాటినీ పూజ గిన్నెల్లో కలిపి తోమి పెట్టింది. అవి అద్దాల్లా మెరిశాయి. ఇరవై ఏళ్ల తర్వాత జీపీఓ దగ్గర పేవ్‌మెంట్ మీద పాత నాణేలు, స్టాంపులు అమ్మే వ్యాపారికి వాటిని చూపిస్తే అతను తూకం వేసి వెండి ధర చెప్పాడట. కాణీలను చేతిలోకి కూడా తీసుకోలేదు.

ఎందుకలా? రాగి, కంచు నాణేల మీద ఏళ్ల తరబడి ఏర్పడే గోధుమరంగు పొర మురికి కాదు. గాలితో కలిసి లోహం తనకు తాను వేసుకున్న కవచం. చింతపండులోని ఆమ్లం దాన్ని కరిగించి పచ్చి రాగిని బయటపెడుతుంది. ఆ గులాబీ మెరుపును చూడగానే సేకర్తలు మొహం తిప్పుకుంటారు. ఉప్పు చేసే చేటు ఇంకా పెద్దది. అందులోని క్లోరైడ్ లోహంలోకి దిగి, తేమ తగిలినప్పుడల్లా పొడిపొడిగా రాలే లేతాకుపచ్చ చిలుము పుట్టిస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే నాణేన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. ఇక పళ్లపొడి, బూడిద, ఇనుప పీచుతో రుద్దితే పడే గీతలు ఎప్పటికీ పోవు. వెండిని తళతళలాడించే మందు నీళ్లు కూడా పైపొరను కరిగించే మెరుపు తెస్తాయి.

మరి జిగురు, నూనె, సిందూరం అంటిన నాణేన్ని ఏం చేయాలి? పేవ్‌మెంట్ వ్యాపారులు చెప్పేది మొదట ఏమీ చేయొద్దనే. తప్పదనుకుంటే గాజు గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి నాణేన్ని నానబెట్టాలి, రోజూ నీళ్లు మార్చాలి. జిడ్డు, టేపు జిగురు వదలకపోతే స్వచ్ఛమైన అసిటోన్ వాడాలి. అది జిడ్డును కరిగిస్తుంది, లోహం జోలికి పోదు. గోళ్ల రంగు చెరిపే ద్రావకం పనికిరాదు, అందులో రంగులు, నూనెలు కలిపి ఉంటాయి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి పొయ్యి దగ్గర, కిటికీలు మూసిన గదిలో ఆ పని పెట్టుకోకూడదు. బయటికి తీశాక మెత్తటి నూలు గుడ్డతో అద్దాలి, తుడవకూడదు. ఎప్పుడు పట్టుకున్నా అంచునే పట్టుకోవాలి. పచ్చ చిలుము పాకుతుంటే సొంత వైద్యం మానేసి తెలిసినవాళ్లకు చూపించాలి. ఇదంతా పాత నాణేల సంగతి. జేబులోని స్టీలు రూపాయికి నీళ్లే ఎక్కువ.

కోల్‌కతా వానాకాలం ఈ అభిరుచికి బద్ధ శత్రువు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోడలే చెమటోడుస్తాయి. గుమాస్తాగారి అల్మరాలో చొక్కాల కన్నా సిలికా జెల్ పొట్లాలే ఎక్కువ. బజార్లో చవగ్గా దొరికే మెత్తటి పీవీసీ ఆల్బమ్‌లలో దాచిన నాణేలు కొన్నేళ్లకు ఆకుపచ్చగా బంకబంకగా తయారవడం ఆయన అనుభవమే. ఆ ప్లాస్టిక్ మెల్లగా విచ్ఛిన్నమై ఆమ్లం వదులుతుంది. ఇప్పుడు పాలిస్టర్ కవర్లు వాడుతున్నారు.

చిన్న వివరం ఎంత పని చేస్తుందో తెలియాలంటే 1911 రూపాయిని చూడాలి. అయిదో జార్జి నిలువుటంగీ మీద చెక్కిన ఏనుగు తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపించిందని గొడవ రేగింది. కలకత్తా, బొంబాయి టంకశాలలు దాదాపు 94 లక్షల నాణేలు కొడితే జనంలోకి వెళ్లినవి 7 లక్షలే. మిగిలినవి కరిగించి, మరుసటి ఏడాది తొండం సరిచేశారు. అందుకే సేకర్తలు 'పంది రూపాయి'ని ఇప్పటికీ అడిగి మరీ కొంటారు. చింతపండుతో గట్టిగా తోమిన రూపాయి మీద ఆ తొండమే ఉండదు.

అరుదైనవి ఇలా ఉంటే, లక్షలు వస్తాయని ప్రచారమయ్యేవి వేరే. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి అయిదు, పది రూపాయల నాణేలకు లక్షలిస్తామంటూ ఏళ్లుగా ఫోన్లు తిరుగుతున్నాయి. అవి చాలా మామూలు నాణేలు. ఫోన్‌లో కొనుగోలుదారుడు ముందు ఆశపెడతాడు, ఆపైన కమీషన్, పన్ను, రిజిస్ట్రేషన్ అంటూ మన దగ్గరే గుంజుతాడు. తమ పేరు, లోగో వాడుకుని పాత నోట్లు, నాణేల లావాదేవీలకు రుసుములు అడుగుతున్నారని, తాము ఆ వ్యవహారాల్లో లేమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో హెచ్చరించింది. అసలైన కొనుగోలుదారుడు నాణేన్ని చేత్తో పట్టి చూడకుండా ధర చెప్పడు. అమ్మేవాడి దగ్గర ముందుగా పైసా అడగడు.

ఈ ఊరికి నాణేలను పోగొట్టుకోవడమూ తెలుసు, చదవడమూ తెలుసు. 1783లో కాళీఘాట్ దగ్గర ఒక ఇత్తడి పాత్రలో 200కు పైగా గుప్తుల కాలం బంగారు నాణేలు దొరికాయి. అవి వారన్ హేస్టింగ్స్ చేతికి చేరి, లండన్‌కు వెళ్లాయి. కొన్ని మ్యూజియాల్లోకి పోగా చాలావరకు కరిగిపోయాయి. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి ఇదే ఊళ్లో జేమ్స్ ప్రిన్సెప్ బాక్ట్రియా గ్రీకు రాజుల నాణేలను ముందేసుకుని, ఒక వైపు గ్రీకు అక్షరాలతో రెండో వైపు అక్షరాలను పోల్చి ఖరోష్ఠి లిపి గుట్టు విప్పే పనిలో పడ్డాడు. 1837లో బ్రాహ్మీ లిపిని చదివినవాడూ ఆయనే. ఆయన ఉద్యోగం కలకత్తా టంకశాలలో లోహం నాణ్యత పరీక్షించడం. స్ట్రాండ్ రోడ్డులో 1829లో మొదలైన ఆ టంకశాల 1952లో అలీపూర్‌కు మారింది. గ్రీకు గుడిలాంటి దాని స్తంభాల ముఖద్వారం మాత్రం పాతబడి అక్కడే మిగిలింది. ప్రిన్సెప్‌కు ఆ నాణేలు పంపినవాళ్లు వాటి అంచుల్ని తోమి పంపి ఉంటే ఆయనకు చదవడానికి అక్షరాలు దొరికేవి కావు.

గుమాస్తాగారి బల్ల మీద ఆ రాత్రి వెతుకులాట ముగిసింది. నక్షత్రాలు, వజ్రాలు మర్నాటి బస్సు ఖర్చుకు చొక్కా జేబులోకి వెళ్లాయి. సంవత్సరం కింద ఏమీ లేని ఒక రెండు రూపాయల బిళ్ల దగ్గర మాత్రం ఆగిపోయారు. దీపం కింద అటూ ఇటూ వంచి చూశారు. దాని అంచుకు పచ్చిమిరపకాయ బజ్జీ నూనె అంటి ఉంది. వంటింట్లోంచి కోడలు, ఇటివ్వండి నాన్నా, సబ్బు పెట్టి కడిగిస్తానంది. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, గాజు గిన్నె ఎక్కడుందని అడిగారు.