జీను కుట్టుతో బెల్టుకు మన్నిక
కాన్పూర్: గుర్రపు జీనులకు పేరొందిన ఈ నగరపు చేతికుట్టు బెల్టుకూ మన్నికనిస్తుంది. ఒకే దారం, రెండు కొసలకు రెండు సూదులు. ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోనూ అవి ఎదురెదురుగా సాగుతాయి. ఒక కుట్టు తెగినా మిగిలినవి పట్టు విడువవు. యంత్రపు కుట్టులో పైదారం, అడుగుదారం పెనవేసుకుంటాయి. ఒకటి తెగితే వరుస సడలుతుంది. వేగం మాత్రం యంత్రానిదే.

నగిషీకి తుమ్మచెక్క వంటివాటితో పదునుచేసిన తోలు కావాలి. క్రోమియంతో చేసినది త్వరగా తయారైనా దానిపై ముద్ర సరిగా నిలవదు. తోలును అతిగా తడపడం కొత్తవారి పొరపాటు. తడి ఇంకి, అసలు రంగు తిరిగివచ్చే వేళ ముద్ర వేయాలి.

2023లో కేంద్రం ప్రారంభించిన విశ్వకర్మ పథకం చర్మకారులకు రోజుకు రూ. 500 భత్యంతో శిక్షణ ఇస్తోంది. ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులే. ఆ అదను పసిగట్టే నేర్పుకు అది చాలదు.