చుక్కలలో స్వదేశము



పరదేశమున స్థిరపడినవాఁడు చిత్రకారుఁడైనచో, స్వదేశముపైఁ గలుగు బెంగను ఏ రీతిని తెలుపఁగలఁడు? తన యూరిని, తన యింటిని, తల్లి ముఖమును వ్రాసి చూపునని మన మందుము. అంతకంటె లోఁతైన మార్గమును కనుగొన్న కొరియా చిత్రకారుఁ డొకఁడు గలఁడు. ఆతని పేరు కిమ్ వాన్‌కీ. కిమ్ అనునది యింటిపేరు. ఆ దేశమునను మనకువలెనే యింటిపేరు ముందు వచ్చును.

ఆతఁడు 1913వ సంవత్సరమున, కొరియా నైరృతితీరమునందలి అంజ్వా అను దీవిలో జనించెను. చుట్టును సముద్రము, పైన నాకాశము. ఆ నీలవర్ణ మాతని నెన్నఁడును విడువలేదు. టోక్యో నగరమున చిత్రవిద్య నభ్యసించి, స్వదేశమునకు మరలి, పూర్వకాలపు తెల్లని పింగాణి జాడీలను ప్రీతితో సేకరించెను. వానిని చంద్రకలశము లందురు. కుమ్మరి రెండు అర్ధగోళములను వేఱువేఱుగాఁ జేసి, యొకదానిపై నొకటి యదికి కాల్చును. అతుకు కొంచెము వంకరగా నుండుటయే వాని సొగసు. ఆ జాడీలు, కొండలు, చంద్రుఁడు, పక్షులు ఆనాఁటి యాతని చిత్రములకు వస్తువులు.

1963లో బ్రెజిల్ దేశపు సావోపాలో నగరమున జరిగిన చిత్రప్రదర్శనకుఁ బోయి, అటనుండి న్యూయార్కు చేరి, అచ్చటనే నిలిచెను. అప్పటి కాతనికి ఏఁబదియేండ్లు. స్వదేశమున ఆచార్యపదవియు, పేరును గడించినవాఁడే. క్రొత్తయూర మరల మొదటినుండి ప్రారంభింపవలసివచ్చెను. కొంతకాలము వార్తాపత్రికల కాగితములపైనను రంగులు వేసెను. విచిత్రమేమనఁగా, దూరదేశమున దినములు గడచినకొలఁది ఆతని చిత్రములనుండి జాడీలును కొండలును తొలఁగిపోయెను. 1970 నాఁటికి చుక్కలే మిగిలెను.

ఆ పని తీరు వినుఁడు. ముడి నూలుగుడ్డపై, టర్పెంటైనుతో పలుచన చేసిన నీలిరంగును కుంచెతో నొక చుక్కగా నుంచును. కాగితమున సిరావలె నది గుడ్డలోని కింకును. దాని చుట్టును చిన్న చదరపు గీఁత; ప్రక్కను మఱియొక చుక్క. ఏడడుగులకు మించిన గుడ్డ నిండువఱకు నిదే పని. సియోలు నగరమును, అచ్చటి మిత్రులను తలంచుచు చుక్కలు పెట్టుచున్నట్లు ఆతఁడు దినచర్యలో వ్రాసికొనెను. 1970 నాఁటి ప్రసిద్ధచిత్రమునకు, నక్షత్రమును చూచుచు పునస్సమాగమమును గూర్చి తలపోయు నొక పద్యమునుండి పేరు గ్రహించెను. ఆ పద్యకర్త ఆతని మిత్రుఁడు కిమ్ క్వాంగ్‌సోప్. ఆ చిత్రమునకు ఆ యేఁడే సియోలులో ప్రథమబహుమాన మొసఁగఁబడెను.

“చుక్కలు పసివాఁడును పెట్టఁగలఁడు గదా” యని కొందఱ కనిపింపవచ్చును. ఒక్క చుక్క పెట్టఁగలఁడు; వేలకొలఁది చుక్కలను అదే శ్రద్ధతోఁ బెట్టుట వేఱు. శోకమను మాట నుచ్చరించినంతనే కరుణరసము పుట్టదని మన యాలంకారికులు చెప్పిరి. రసము వ్యంగ్యము కావలయును. ఇంటి బొమ్మ వ్రాసినచో బెంగ వాచ్యమగును. ఇచ్చట నొక్కొక్క చుక్కయు జపమాలలోని పూసవంటిది; తలఁచుకొనుటయే చిత్రమైనది.

ఆతఁడు 1974లో న్యూయార్కునందే కన్నుమూసెను. 1992లో ఆతని భార్య కిమ్ హ్యాంగాన్ సియోలులో ఆతని పేర చిత్రశాలను నెలకొల్పెను. తాను చేరలేకపోయిన నగరమును ఆతని చుక్కలు చేరినవి.

1965లో అమెరికా ప్రభుత్వము వలసచట్టమును మార్చిన పిదప కొరియావారును, మన తెలుఁగువారును వేలకొలఁది ఆ దేశమున కేఁగిరి. మన గ్రామములలోని పెక్కండ్రు వృద్ధుల సంతానము నేఁ డచ్చట నున్నది. “బాగున్నాము” అని వారు పలుకు చిన్నమాటనుబట్టి మనలను మఱచిరని నొచ్చుకొనకుఁడు. చెప్పలేని దెంత గలదో ఎవరెఱుఁగుదురు? ఒక్క చుక్క వెనుక నొక యూరే యుండవచ్చును.