మామిడి మీద బదనిక

పెద్దవూర నుంచి సాగర్ వెళ్ళే దారిలో ఏదైనా ముసలి మామిడిచెట్టు కనిపిస్తే, ఆగి కొమ్మలు పరికించండి. ఒకచోట మామిడాకు కాని ఆకు గుబురుగా కనబడవచ్చు. దళసరి ఆకులు, కాషాయరంగు గొట్టాల వంటి పూలు. అదే బదనిక.

పరాన్నజీవి అన్న మాటను విడదీయండి: పర, అన్న, జీవి. అనగా ఇతరుల అన్నం తిని బతికేది. బదనిక వేరు నేలను తాకదు. కొమ్మ బెరడును చీల్చుకొని చూషకాలను దారువులోకి దించి, నీటినీ లవణాలనూ పీలుస్తుంది. కాని దాని ఆకుల్లో పత్రహరితం ఉంది గదా! పిండిపదార్థం చాలావరకు తానే తయారుచేసుకుంటుంది. అందుకే ఇది పాక్షిక పరాన్నజీవి. కంచెల మీద పసుపుదారాల్లా అల్లుకునే కస్కుటాకు ఆ పాటి కష్టం కూడా లేదు.

మరి అంత ఎత్తుకు బదనిక విత్తనం ఎలా చేరింది? గాలికి మాత్రం కాదు. ఎనిమిది సెంటీమీటర్లు మించని ఫ్లవర్‌పెకర్ అనే చిట్టిపిట్ట దాని పండును మింగుతుంది. కొద్ది నిమిషాల్లోనే విత్తనం రెట్టతో బయటికి వస్తుంది. దాని చుట్టూ బంకలాంటి జిగురు ఉండడంచేత పిట్టను పట్టుకొని వదలదు. పిట్ట విసిగి, కొమ్మకేసి రాసుకుంటుంది. మొలవడానికి విత్తనానికి కావలసింది సరిగ్గా ఆ కొమ్మే! పూలలోని తేనె కోసం తేనెపిట్టలు వచ్చి, పుప్పొడిని పువ్వు నుంచి పువ్వుకు మోస్తాయి. కొంకణంలో ఈ పిట్టలకూ బదనికకూ గల సంబంధాన్ని సలీం అలీ 1931లో వివరించారు. ఆ ఏడే ఆయన, నల్లగొండ కూడా భాగమైన హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే ప్రారంభించారు.

తోట యజమానికి ఈ ముచ్చట రుచించదు. బదనిక పట్టిన చోటు నుంచి కొమ్మ చివరిదాకా నీరు చాలక ఎండిపోతుంది, కాపు తగ్గుతుంది. ఆకులు దూసేస్తే లాభం లేదు, మళ్ళీ చిగురిస్తుంది. పండ్లు పండకముందే, ఉబ్బిన కణుపుకు దిగువగా కొమ్మనే కోయాలి. తోటలో కోయడమే న్యాయమని నా అభిప్రాయం.

అడవి మాట వేరు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో వాట్సన్, హెరింగ్ అనే శాస్త్రజ్ఞులు కొన్ని చిట్టడవుల్లో బదనిక జాతి మొక్కలను పూర్తిగా తీయించి చూశారు. మూడేళ్ళలో అక్కడ అడవినే నమ్ముకున్న పక్షిజాతుల్లో పాతికవంతుకు పైగా కనబడకుండా పోయాయని 2012లో ప్రకటించారు. విచిత్రమేమంటే, ఎక్కువగా దెబ్బతిన్నవి బదనిక పండ్లు తినేవి కావు, నేలమీద పురుగులు ఏరుకొనేవి! చాలా చెట్లు ఆకు రాల్చేముందు అందులోని పోషకాలను వెనక్కి తీసుకుంటాయి. బదనిక అలా పొదుపు చేయదు, సారమున్న ఆకునే రాలుస్తుంది. ఆ ఆకు మీద పురుగులు, పురుగుల మీద పక్షులు బతుకుతాయి. రెక్కల అడుగున పసుపురంగు, అంచున ఎర్రమచ్చలు గల మన జెజిబెల్ సీతాకోకచిలుక గొంగళిపురుగులకూ బదనిక ఆకులే మేత.

ఎవరైనా బదనిక పట్టిన కొమ్మ కొడితే ఆ కణుపును అడిగి తెచ్చుకోండి. పెద్దవాళ్ళ చేత నిలువునా కోయించి, చూషకం చెక్కలోకి ఎంత లోతు దిగిందో స్కేలుతో కొలవండి.